గంజి గిన్నె ఎక్కడ పెట్టాలి?

అక్కలారా, వదినలారా, పెద్దమ్మలారా!

ఇవాళ మా తమ్ముడి చేతి మీదున్న మచ్చ గురించి చెబుతాను.

అప్పుడు వాడికి రెండేళ్లు. నాకు తొమ్మిది. సాయంత్రం పూట అమ్మ అన్నం వార్చింది. గంజి గిన్నె నేల మీద పెట్టింది. ఇంతలో గేదె పలుపు తెంపుకుంది. అమ్మ బయటికి పరుగెత్తింది. తమ్ముడు గంజిలో చెయ్యి పెట్టేశాడు. ఒకరు సిరా పొయ్యమన్నారు. ఇంకొకరు పళ్ల పేస్టు రాయమన్నారు. రెండూ చేశాం. ఆస్పత్రిలో నర్సమ్మ ఆ పేస్టు తీస్తుంటే వాడు పెట్టిన కేకలు నాకింకా వినపడతాయి.

"పిల్లాణ్ణి చూసుకోలేవా?" అని ఊరంతా అమ్మనే అన్నారు. వంట ఆమే చెయ్యాలి. గేదెను ఆమే కట్టాలి. పిల్లాణ్ణి ఆమే చూడాలి. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కరైనా వాణ్ణి ఎత్తుకున్నారా? అందుకే నేను "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి ఊరుకోను. రెండు కళ్లు ఎన్ని చోట్ల కాపలా కాస్తాయి? గిన్నె పెట్టే చోటే మార్చాలి. గంజి గిన్నె గట్టు మీద, గోడవైపుకి పెట్టండి.

ఒళ్లు కాలితే వెంటనే చల్లటి నీళ్లు పొయ్యండి. 20 నిమిషాలు పోస్తూనే ఉండండి. ఐసు వద్దు. సిరా, పసుపు, పేస్టు ఏవీ వద్దు. బొబ్బలు చితపొద్దు. ఒంటికి అంటుకున్న బట్ట లాగొద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి తీసుకుపోండి.

పాకే పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు. పల్లీ గింజ, బటాణీ గొంతుకు అడ్డం పడతాయి. నడక వచ్చిన పిల్లలకు నీళ్ల గండం. బకెట్టులో జానెడు నీళ్లున్నా చాలు. ఆ వయసులో తల బరువు. తలకిందులుగా పడితే లేవలేరు. అరుపు కూడా వినపడదు. వాడని బకెట్టు బోర్లించండి. తొట్టికి, సంపుకి మూత వెయ్యండి. పెద్ద పిల్లలకేమో చెరువులు, చెట్లు, రోడ్లు.

దెబ్బలు మగపిల్లలకే ఎక్కువ తగులుతాయి. కాలిన గాయాలు మాత్రం ఆడపిల్లలకు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చెప్పింది. ఎందుకో మీకు నేను చెప్పాలా? ఎనిమిదేళ్లు రాగానే మనమే పొయ్యి దగ్గర కూర్చోబెడతాం కదా!

ఇంకొక్క సంగతి. పురుగుల మందు, కిరసనాయిలు, ఫినాయిలు కూల్‌డ్రింకు సీసాలో పొయ్యకండి. పిల్లలకు సీసాను బట్టే రుచి. ఒకవేళ తాగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి. కక్కిస్తే కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోను చెయ్యండి. ఆ సీసా కూడా వెంట తీసుకుపోండి. ఏం తాగారో డాక్టరుకు తెలియాలి.

ఇవాళ ఇంటికి పోయాక మీ వంటింట్లో నేల మీద కూర్చోండి. పిల్లల ఎత్తున కూర్చుని చెయ్యి చాపండి. చేతికి ఏమేం అందాయో పలక మీద రాసుకుని రేపు తీసుకురండి. తప్పులున్నా ఫరవాలేదు, నేను దిద్దుతాను.