గోధుమ పడని దేహములు

కోట్లకొలది జనులకు జీవనాధారమైన గోధుమయే కొందరి దేహములకు శత్రువగుట వింతగా తోచును గాని, అది సత్యము. గోధుమ, బార్లీ, రై ధాన్యములందలి గ్లూటెన్ అను మాంసకృత్తు కడుపులో పడినంతనే, సీలియాక్ వ్యాధిగ్రస్తుల రోగనిరోధకశక్తి చిన్నప్రేవుల లోపలి పొరపైననే దాడి సల్పి, ఆహారసారమును గ్రహించు సూక్ష్మచూషకములను నశింపజేయును. తత్ఫలితముగా అతిసారమో, రక్తహీనతయో, బిడ్డలయందు ఎదుగుదల లోపమో పొడసూపును.

1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ ఈ రోగమును వర్ణించి, ఇది కుదిరినచో ఆహారనియమముననే కుదురవలెనని గ్రహించెను గాని, దోషి ఏ ధాన్యమో ఎరుగకపోయెను. దానిని నిరూపించిన ఘనత హాలెండు శిశువైద్యుడైన విల్లెం డికెది; 1950 నాటి ఆయన సిద్ధాంతగ్రంథము ఎందరు పసివారిని బ్రతికించెనో!

రక్తమునందలి ప్రతిరక్షకములను చూచి, పిదప ఎండోస్కోపీచే తీసిన ప్రేవు తునకను పరీక్షించి వ్యాధిని నిర్ణయింతురు. పరీక్షకు మునుపే గోధుమను మానినచో వ్యాధి మరుగుపడును గనుక, దయచేసి ఎవ్వరును తొందరపడి మానవలదు.

నిర్ణయమైన పిమ్మట గ్లూటెన్ లేని పథ్యము యావజ్జీవము. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్రలు గల మన తెలుగునాట అది దుర్భరము కాదు. అయినను అంగడి ఇంగువలో తరచుగా గోధుమపిండి కలిసియుండును. గోధుమలాడిన మరలోనే జొన్నలు ఆడించినను ఆ పిండి రోగులకు పనికిరాదు, కావున ఇంటనే విసరుకొనుట మేలు.