వారమునకొక భాగము: యూదుల తోరా పఠనము



ఒక గ్రంథమును ఒకమారు చదివి బీరువాలో నుంచుట మన కలవాటు. ఒకే గ్రంథమును ఏటేట మొదటినుండి తుదివఱకు చదువుచు, శతాబ్దములు గడచినను విసుగు చెందనివారు యూదులు.

తోరా యనగా మోషే పేరిట వెలసిన పంచగ్రంథములు. వానిని 54 భాగములుగా విభజించి, శనివారమున కొక్కటి చొప్పున దేవాలయమున చదువుదురు. వారములు చాలని యేట రెండేసి భాగములను కలుపుదురు. పూర్వము పాలస్తీనాలో ఒక ఆవృత్తికి సుమారు మూడేండ్లు పట్టెడిది. తుదకు బాబిలోనియావారి ఏకవర్ష పద్ధతియే నిలిచినది. సోమ, గురువారములందును కొంత చదువుదురు. అవి పూర్వము సంతదినము లగుట గమనింపదగినది. పల్లెవారు వచ్చు దినముననే గ్రంథము విప్పుట మంచి యేర్పాటు కాదా!

చదువునది చర్మపత్రముపై చేతివ్రాతతో నున్న చుట్ట. అందు అచ్చుల గుర్తులుగాని, విరామములుగాని, రాగసంజ్ఞలుగాని యుండవు. పాఠకుడు ముందే నేర్చి రావలెను. అర్థము మాఱునట్లు తప్పు పలికినచో, సభలోనివారు అక్కడనే దిద్దుదురు.

ఇక వ్యాఖ్యానము. ఫ్రాన్సు దేశమున ట్రాయ్ పట్టణవాసియగు రాషీ (1040–1105), తోరాకు మన మల్లినాథునివంటివాడు. నోవహు తన తరమువారిలో నీతిపరుడని మూలమున నున్నది. ‘తన తరమువారిలో’ అని ప్రత్యేకముగ చెప్పనేల? తాల్మూదునందు ఇద్దఱు పండితులు దీనిపై తగవులాడిరి. సిరకా పీపాల నడుమ నున్న ద్రాక్షాసవమునకు అక్కడనే పరిమళము, మఱియొకచోట నది లెక్కకురాదని యోహానాను పక్షపు ఉపమానము. కశ్మలమున పడియున్న అత్తరుబుడ్డియే పరిమళించినచో, సుగంధద్రవ్యముల నడుమ నింకెంత పరిమళించునో యని రేష్ లాకిష్ పక్షపు ఉపమానము. ఒకరికి నిందయైన మాట వేఱొకరికి స్తుతి. రాషీ రెండర్థములను వ్రాసి, తీర్పు చెప్పక విడిచెను. ఈ నిగ్రహము నాకు మిక్కిలి నచ్చినది. చెడుకాలమున పుట్టిన మంచివాని నెట్లు తూచవలెనను ప్రశ్న ఏ యూరివారికైన నెదురగునదే.

రీగా నగరమున జన్మించి, పాలస్తీనాలో స్థిరపడిన నెహమా లైబోవిట్జ్ (1905–1997) అను ఉపాధ్యాయిని 1942లో ఒక పని తలపెట్టెను. ఆ వారపు భాగముపై ప్రశ్నలు మాత్రము వ్రాసి, జవాబులు వ్రాయక, కాగితములు పంచెడిది. కఠిన ప్రశ్నకు ఒక గుర్తు, మిక్కిలి కఠినమైనదానికి రెండు. గృహిణులు, కూలీలు, సైనికులు జవాబులను టపాలో పంపగా, ఎఱ్ఱసిరాతో దిద్ది త్రిప్పిపంపెడిది. 1971 వఱకు, సుమారు ముప్పదియేండ్లు, ఈ కాగితములు వెలువడెను.

శరత్కాలమున తుదిభాగము ముగియు దినముననే మొదటి భాగము నారంభింతురు. మోషే మరణమును చదివిన నోటితో వెంటనే సృష్ట్యాదిని చదువుదురు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రాంతమున యూదాచారములను పాటించు తెలుగు కుటుంబములు కొన్ని కలవని మీలో పలువు రెఱుగకపోవచ్చును.

కార్యదర్శిగారికి నా మనవి యొక్కటి. మన పఠనమందిరమున మహాభారతము ఆదిపర్వమునుండి, శనివారమున కొక భాగము చదివింపుడు. ప్రశ్నల కాగితము గోడకంటించు పని నాది. జవాబులు వ్రాసి యిచ్చినవారికి ఎఱ్ఱసిరా ఖర్చు కూడ నాదే.