విద్యార్థి చేతిలోని పని దస్త్రము

కాజువల్ ఎనౌన్సరు పరీక్షకు గాని, సెలవులలో పని నేర్చుకొనుటకు గాని రేడియో కేంద్రమునకు వచ్చు విద్యార్థుల చేతిలో తరచు ఒక లావుపాటి ఫైలు కనబడును. విప్పి చూచినచో పదవ తరగతి మొదలు పట్టా వరకు మార్కుల జాబితాలు, వక్తృత్వపు పోటీలలో వచ్చిన ప్రశంసాపత్రములు, ఎన్.సి.సి. యోగ్యతాపత్రము. అన్నియు మన్నింపదగినవే. కాని “మీరు స్వయముగా వ్రాసినదో, రికార్డు చేసినదో ఒకటి వినిపించండి” అని అడుగగానే పెక్కుమంది తడబడుదురు. చదివిన చదువు కాగితముల మీద ఉన్నది. ఆ చదువు వారిచేత చేయించిన పని మాత్రము కంటికి కనబడదు, చెవికి వినబడదు.

చిత్రకారులు, భవనముల నమూనాలు గీయువారు తమ పటములను ఒక సంచిలో పెట్టుకొని వెంట తీసికొని పోవుట చాలకాలముగా ఉన్న ఆచారము. దానినే పోర్ట్‌ఫోలియో అందురు. పని దస్త్రము అని మనము చెప్పుకొనవచ్చును. ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1954లో పత్రికారచనా శాఖ ఏర్పడిన నాటినుండి మన ప్రాంతమున ఈ విద్యకు తరగతి గది దొరికినది. ఆ గదిలో నేర్చినదానికి సాక్ష్యముగా నేడు పత్రికలవారు, టెలివిజనువారు, ప్రకటనల సంస్థలవారు ఈ దస్త్రమునే అడుగుచున్నారు.

అడుగుచున్నారని తెలిసి చివరి నెలలో హడావిడిగా కూర్చు దస్త్రములును కలవు. వానిని పోల్చుట కష్టము కాదు. ఒకసారి ఒకే డాక్యుమెంటరీకి ఒకే వారములో ముగ్గురు దర్శకులు మా గదికి వచ్చిరి! ముగ్గురును ఒకే తరగతివారు. వారిలో అబద్ధమాడినవాడు లేడనియే నా నమ్మకము. ఐదుగురు కలిసి చేసిన పనిలో ఎవరి చేయి ఎంతవరకో వ్రాసిపెట్టుకొనవలెనని వారికి ఎవరును చెప్పలేదు. “శబ్దము నాది, కూర్పు నాది కాదు” అన్న చిన్న వాక్యమొకటి ఉండినచో వారి ముగ్గురి మాటయు నిలిచి ఉండెడిది. నేడు యంత్రమును అడిగినచో వ్యాసమైనను, చదువు గొంతైనను క్షణములో తయారై వచ్చుచున్నది గనుక ఈ ప్రశ్న మరింత సూటిగా అడుగవలసి వచ్చుచున్నది. నేను సాధారణముగా మొదటి చిత్తుప్రతిని చూపుమందును. “ఈ వాక్యము ఎందుకు కొట్టివేసితివి?” అని అడుగుదును. స్వయముగా కొట్టివేసినవారు వెంటనే చెప్పుదురు.

దాచుటలోని అజాగ్రత్త వేరొక బాధ. మంచి నాణ్యతతో రెండు చానళ్ళలో తీసిన వేవ్ ఫైలు నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు పట్టును. ఫోనులో చోటు లేదని మూలమును చెరిపివేసి, కుదించిన ఎం.పి.3 ప్రతిని మాత్రము ఉంచుకొందురు. కుదింపులో పోయిన శబ్దము మరల రాదు. కళాశాల ఇచ్చిన ఖాతాలో దాచినవి, చదువు ముగిసి ఆ ఖాతా మూతపడినప్పుడు దానితోనే పోవును. అన్నట్లు, తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట పిల్లలు దుప్పటి కప్పుకొని గొంతు రికార్డు చేసికొనుచున్నచో నవ్వకండి. గదిలోని ప్రతిధ్వనిని అణచుటకు అది చవకయైన మంచి ఉపాయము. ఆ కాసేపు కుక్కరు కూత లేకుండ చూచిన చాలును.

రెండేండ్ల క్రిందట ఒక జిల్లా కళాశాలనుండి వచ్చిన యువకుని దస్త్రము చాల పలుచనిది. అందులో మూడే పనులున్నవి. ఒకటి, వాళ్ళ ఊరి పాల సేకరణ కేంద్రము మీద చేసిన ఆరు నిమిషముల శబ్దచిత్రము. తెల్లవారుజామున క్యాన్ల చప్పుడు, వరుసగా అంకెలు పిలుచు గుమాస్తా గొంతు, ఇంతలో ఒక పెద్దామె తగవు: “నిన్న ఆరున్నర వెన్న వచ్చింది, ఇవాళ ఐదేనా? గేదె అదే, గడ్డీ అదే!” పాల ధర వెన్న శాతమును బట్టి ఉండునని తెలియని పట్టణపు శ్రోతకు సైతము ఆ ఒక్క మాటతో సంగతి బోధపడినది. దానికి జతగా కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతి ఉన్నది. తన వ్యాఖ్యానమును రెండు నిమిషములనుండి నలుబది సెకండ్లకు తగ్గించినాడు. ఎందుకు తగ్గించెనో అరపుట వ్రాసినాడు.

అదే శబ్దచిత్రములో ఆమె తన బాకీ సంగతియు చెప్పినది. అప్పిచ్చినవాని పేరుతో సహా చెప్పి, గొంతు పూడుకొని ఆగినది. నిజమునకు ఆ ఆరు నిమిషములలో మనసును పట్టు ఘట్టమదియే. ఆమె అనుమతి ఉన్నదా అని అడిగితిని. క్లాసు పని కొరకని చెప్పి రికార్డు చేసితిననినాడు. ఉద్యోగముల కొరకు పదిచోట్ల వినిపింతుననియు, అంతర్జాలములో పెట్టుదుననియు ఆమెకు తెలియునా అంటిని. తెలియదనినాడు. ఇంకేమియు అనలేదు.

పదిహేను దినముల తరువాత తిరిగి వచ్చినాడు. పోయి ఆమె ఇంటి అరుగు మీద కూర్చుండి మొత్తము వినిపించినాడట. ఆమె రెండుసార్లు వినినది. “పాల సంగతి ఉంచు నాయనా, నలుగురూ వినాల్సిందే. నా బాకీ సంగతి తీసెయ్యి. వాడి వాకిట్లోకి రేపు మళ్ళీ నేనే పోవాలి” అన్నదట. తీసివేసినాడు. ఆరు నిమిషములది ఐదైనది. “మునుపటంత బాగా లేదండి” అనినాడు. నాకును అట్లే తోచినది, తోచినట్లే చెప్పితిని. పాత ప్రతిని ఎవరికిని వినిపింపనని ఆమెకు మాట ఇచ్చినాడు గనుక, నేను విన్నది తప్ప అది మరెవరి చెవికిని పోలేదు. క్రొత్త ప్రతికి జతపరచిన కాగితమున ఒక పంక్తి చేర్చినాడు: “మాట్లాడినవారి కోరికపై ఒక నిమిషము తీసివేయబడినది.”

ఆ సంవత్సరము మా వద్ద అవకాశము లేకపోయినది. పోయిన దసరాకు ఫోను చేసి, ఒక దినపత్రిక జిల్లా కార్యాలయములో చేరితిననినాడు. అక్కడివారు ఆ పంక్తిని చూచి తీసివేసినదేమని అడిగిరట, అతడు చెప్పలేదట. ఆమెకు ఆ కేంద్రములో ఇప్పుడు వెన్న ఎంత వచ్చుచున్నదని నేనడిగితిని. “రోజూ గొడవేనండి” అనినాడు.