వేట ఆగిన 61 రోజులు
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఆగస్టు 9న మన హక్కుల గురించి, చదువుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మన కూరకుండ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మనం యానాదులం. పులికాట్ సరస్సు చుట్టూ, శ్రీహరికోట దీవిలో మన పెద్దలు నీళ్లను నమ్ముకుని బతికారు. వాళ్లకు పడవ లేదు, పెద్ద వల లేదు. బురదలో చెయ్యి పెట్టి పీతను పట్టడం, నీళ్లలో తడిమి రొయ్యను ఏరడం వాళ్ల విద్య. పోటు ఎప్పుడు ఎక్కుతుందో, పాటు ఎప్పుడు తీస్తుందో చంద్రుణ్ణి చూసి చెప్పేవాళ్లు.

మన కుర్రాళ్లు మమ్మల్ని తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. "వేట నిషేధం బోట్లవాళ్లకు కదా, మనకెందుకు?" అని. నిజమే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు, ఇంజను బోట్లు సముద్రంలో వేటకు పోకూడదు. మొదట ఇది 47 రోజులే ఉండేది. 2015 నుంచి 61 రోజులు చేశారు. ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. చేత్తో ఏరుకునే మనల్ని ఎవరూ ఆపరు.

కానీ రొయ్య నడిచే దారి చూడండి. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకి వస్తాయి. ఇక్కడ కొన్ని నెలలు పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. మండపీత కూడా అంతే. గుడ్లు విడవడానికి ఆడపీత సముద్రానికే పోతుంది. అంటే మనం సరస్సులో ఏరే ప్రతి రొయ్యకూ తల్లి సముద్రంలో ఉంది. అక్కడ బోట్లు రెండు నెలలు ఆగి తల్లిని వదిలిపెడితే, ఇక్కడ మనం దోమతెర గుడ్డతో పిల్లను గోకేస్తే ఆ ఆగినదానికి ఫలితం ఏముంది?

ఆ తప్పు ఒకసారి చూశాం. 1990ల్లో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వినప్పుడు టైగర్ రొయ్య పిల్లకు గిరాకీ వచ్చింది. పేదవాళ్లందరూ సన్నకన్ను వలలతో పిల్ల ఏరారు. టైగర్ పిల్లను ఏరుకుని, మిగతా చేపపిల్లలను, పీతపిల్లలను ఇసుకలో పారబోశారు. కూలి కోసం చేసిన పని అది, వాళ్లను తప్పుపట్టం. కానీ ఆ ఇసుకలో ఎండిపోయింది మన రేపటి కూడే.

ఆగడం అంటే పస్తుండడం కాదు. ఆ 61 రోజులకూ మనకు వేరే రుచులున్నాయి. అది చింతచిగురు కాలం. ముందే ఎండబెట్టుకున్న రొయ్యలు వేసి చిగురు వండితే ఆ వాసనకు పక్కింటివాళ్లు కూడా గిన్నె పట్టుకుని వస్తారు. మామిడికాయ వేసి ఎండుచేపల పులుసు పెడతాం. వేసవిలో చెరువు నీళ్లు తగ్గితే కొరమేను, బొమ్మిడాయిలు దొరుకుతాయి. మన పెద్దల వంట కాలాన్ని బట్టి మారేది. ఏడాదంతా ఒకటే చేప కావాలనడం మనకు కొత్తగా వచ్చిన అలవాటు.

ఇప్పుడు మీలో చాలామంది శ్రీసిటీ కంపెనీల్లో పనికి పోతున్నారు. మీరిప్పుడు ఏరేవాళ్లు కాదు, కొనేవాళ్లు. అందుకే మూడు మాటలు మీకే చెబుతున్నాం.

ఒకటి. పీత కొనేటప్పుడు తిప్పి చూడండి. పొట్ట కింది మూత వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా మొనతేలి ఉంటే మగది. మూత కింద గుడ్లముద్ద ఉంటే కొనకండి. పట్టినవాళ్లు మనవాళ్లయితే, నీళ్లలో వదిలెయ్యమని చెప్పండి.

రెండు. మే నెలలో బజారులో వంజరం కనిపిస్తే అది దొంగవేట సరుకే అనుకోనక్కర్లేదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా కాబట్టి, అక్కడి చేప ఐసులో రావచ్చు. ఎక్కడిదో అడిగి కొనండి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఇంట్లో గింజ లేని అత్తకు "చిన్నపీత పట్టకు" అని చెప్పే హక్కు మనకు లేదు. ఆమె చిన్నది పట్టేది, చిన్నదాన్ని కూడా కొనేవాడు ఉన్నాడు కాబట్టి. మీరు పెద్దపీతకు బేరమాడకుండా సరైన ధర ఇవ్వండి, చిన్నది వద్దనండి. అప్పుడు ఆమెకు పొద్దు గడుస్తుంది, చిన్నపీతకు పెరిగే గడువు దొరుకుతుంది.

వచ్చే ఏప్రిల్ 15న మీ ఇంట్లో అవ్వనో అమ్మనో అడిగి చింతచిగురు, ఎండురొయ్యలు వండించుకోండి. ఎలా వండాలో పక్కన కూర్చుని నేర్చుకోండి. జూన్‌లో బోట్లు తిరిగి వచ్చాక, తాజా పులుసు అందరం కలిసి తిందాం.

సెలవు. జై ఆదివాసీ!