కరోనా ఒక జబ్బు పేరు కాదు

(కోళ్ల రైతుల సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



2020 ఫిబ్రవరి, మార్చి నెలలను మనలో ఎవరమూ మరిచిపోలేదు. కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారు ఫోన్లలో తిరిగింది. హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. అమ్మితే వచ్చిన డబ్బు మేత ఖర్చుకూ చాలలేదు. షెడ్లు ఖాళీ అయ్యాయి గానీ బ్యాంకు కిస్తీలు ఆగలేదు.

ఆ పుకారులో ఒక ముక్క నిజం ఉండటమే అసలు చిక్కు. కోళ్లకు కరోనా వైరస్ ఉంది. ఇప్పటిదీ కాదు: 1931లోనే అమెరికాలోని నార్త్ డకోటాలో కోడిపిల్లల్లో ఆ జబ్బును గుర్తించారు. మనం ఐబీ అనే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అదే. మనుషుల కరోనాలు 1960లలో గానీ బయటపడలేదు. మైక్రోస్కోపులో వైరస్ చుట్టూ ముళ్లు సూర్యుడి వెలుగు వలయంలా కనిపించాయని 1968లో ఆ పేరు పెట్టారు.

అంటే కరోనా ఒక కుటుంబం పేరు. అందులో నాలుగు గుంపులు: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. (2021 నాటి డెల్టా వేరియంట్‌కూ ఈ డెల్టా గుంపుకూ సంబంధం లేదు. పేర్లు పెట్టేవాళ్లు మనల్ని బాగానే తికమకపెట్టారు.) కోవిడ్ వైరస్ బీటా, ఐబీ గామా. ఐబీ మనుషులకు జబ్బు చేయదు. కోవిడ్ వైరస్‌ను ప్రయోగశాలలో కోళ్లకు ఎక్కించి చూసినా వాటికి అంటుకోలేదు. దూడల పారుడుకు ఒక కారణమైన కరోనా బీటా గుంపుదే, అయినా అది కోవిడ్ వైరస్ కాదు. ఇంటిపేరు ఒకటైతే మనిషి ఒకడే అవుతాడా?

మనకు పని పడేది ఐబీతోనే. ఈ వైరస్‌ల జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. అందులో సుమారు 30,000 అక్షరాలు. ఒకే కోడిలో రెండు రకాల ఐబీ చేరితే ముక్కలు ఇచ్చిపుచ్చుకుని కొత్త రకం పుట్టవచ్చు. అందుకే ఒక రకానికి వేసిన టీకా ఇంకో రకాన్ని సరిగా ఆపదు. వైరస్ పైపొర కొవ్వుది, సబ్బుకు కరుగుతుంది. కానీ రెట్ట, పాత పొట్టు తీయకుండా మందు చల్లితే అది వైరస్‌దాకా పోదు.

కోళ్లు తుమ్ముతూ గురగుర మంటే, గుడ్లు వంకరపోయి తెల్లసొన నీళ్లలా కారితే ఐబీని అనుమానించాలి. కొక్కెర తెగులులోనూ గురక, గుడ్ల తగ్గుదల ఉంటాయి గనుక కంటితో తేల్చలేం. శాంపిల్ ల్యాబుకు పోవాలి, రకం తేలాలి, ఆ కాగితం రైతు చేతికి రావాలి. కాంట్రాక్టు పెంపకంలో టీకా తెచ్చేది కంపెనీ, షెడ్డులో చచ్చిన కోళ్లను లెక్కపెట్టేది మనం. ఏ రకానికి టీకా వేశారో, ఏ తేదీన వేశారో ప్రతి బ్యాచ్ కార్డులో రాయించాలని మన సంఘం డిమాండ్ చేస్తోంది. వచ్చే బ్యాచ్ పిల్లలు దిగే రోజునే ఆ కార్డు అడగండి. ఇవ్వనన్నవాళ్ల సంగతి మండల కమిటీకి రాసివ్వండి.