జలాశయానికీ ఓ కొలత



ఏ గిన్నెలో ఎన్ని బియ్యం పడతాయో మనకొకరు చెప్పనక్కర్లేదు. మించి పోస్తే పొంగిపోయి స్టౌ ఆరిపోతుంది. జలాశయంలో చేపల పెంపకమూ అంతేనండీ.

ఇండోనేషియాలో, పశ్చిమ జావాలో, చితారుమ్ నదిమీద చిరాటా జలాశయాన్ని 1980లలో కట్టారు. ముంపులో పొలాలు పోయినవారికి బతుకుతెరువుగా, నీటిపై తేలే వలపంజరాల్లో చేపలు పెంచుకోనిచ్చారు. 12,000 పంజరాలకు మించరాదని 2002లో హద్దు పెట్టారు. 2018లో లెక్కపెడితే 98 వేలు దాటాయి!

మిగిలిన మేతా, చేపల విసర్జనా అడుగున చేరి కుళ్ళుతాయి. ఆ కుళ్ళు నీటిలోని ప్రాణవాయువును హరించేస్తుంది. ముసురుపట్టి పైనీరు చల్లబడితే బరువెక్కి కిందికి దిగుతుంది, ఆ చెడ్డనీరు పైకొస్తుంది. వలలో చేప ఎటు పారిపోతుంది చెప్పండి? తెల్లారేసరికి చచ్చి తేలుతుంది. అప్పుచేసి మేత కొన్న సంసారం ఏం కావాలి?

ఆ నీరే దిగువన జతిలుహుర్ జలాశయం చేరి, అక్కణ్ణించి జకార్తా కుళాయిల్లోకి వెళుతుంది.

అందుకే పంజరాలు తగ్గించాలి, మేత కొలిచి వేయాలి. తగ్గించేటప్పుడు ఆ కుటుంబాలకు మరో దారి చూపాలి. హద్దు పాటిస్తేనే రేపటికీ చేప మిగులుతుంది, మంచినీళ్ళూ మిగులుతాయి.