పాత యంత్రమునకు కొత్త విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఒక గ్రంథాలయమున తలుపులు తీయు సేవకుడు కలడనుకొనుడు. అతనికి మూడు గదుల దారి మాత్రమే తెలియును. నాలుగవ గది కొత్తగా కట్టినది. దానికి తాళమైనను లేదు. అయినను అట్టి గది కలదని అతనికి ఎవరును చెప్పలేదు. అందలి గ్రంథమడిగినచో "లేదు" అని పంపివేయును. లోపము గదిలో లేదు, కాళ్లలోను లేదు. ఎరుక లేకపోవుటయే లోపము. పాత కంప్యూటర్ల కథయు ఇట్టిదే.

కంప్యూటరు మీట నొక్కగానే మొదట మేల్కొనునది విండోసు గాని లినక్సు గాని కాదు. మదర్‌బోర్డుమీది చిన్న చిప్‌లో నిలిచియుండు బయోస్ అను ప్రోగ్రాము. అది డిస్కును వెదకి, అందలి విండోసునో లినక్సునో లేపి, పని అప్పగించును. తనకు తెలియని డిస్కును అది లేపజాలదు.

ఉదాహరణకు ఇంటెల్ వారి హెచ్61 చిప్‌సెట్టు గల బోర్డులను చూడుడు. అవి 2011లో వెలువడినవి. వాటి సాటా మార్గమున సెకనుకు సుమారు 300 మెగాబైట్లకు మించి సమాచారము నడువదు. అదే సంవత్సరము మార్చిలో ఎన్‌.వి.ఎం.ఈ. అను కొత్త డిస్కు పద్ధతి నిబంధనలు ప్రకటింపబడినవి. ఈ డిస్కు సాటా త్రోవను విడిచి, పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ త్రోవను పట్టును. ఆ పాత బోర్డులందలి పొడవైన స్లాటులో, చిన్న అడాప్టరు కార్డు సాయమున దీనిని అమర్చినచో, రెండవ తరము పి.సి.ఐ. వేగముననే సెకనుకు సుమారు 2,000 మెగాబైట్ల వరకు మార్గము కలదు. విండోసు 10, లినక్సు వంటివి లేచిన తరువాత ఆ డిస్కును చక్కగా గుర్తించును. వాటిని ఆ డిస్కునుండి లేపుట మాత్రము బయోసునకు తెలియదు. ఏలయన దానియందు ఎన్‌.వి.ఎం.ఈ. డ్రైవరు లేదు.

ఈ కొరతను తీర్చుటకు మార్గములు మూడు కలవు.

మొదటిది, యూ.ఇ.ఎఫ్‌.ఐ. పద్ధతి బయోసు గల బోర్డులకు తగినది. ఈ బయోసు అనేక చిన్న భాగముల కూర్పు. కావున కొద్ది కిలోబైట్ల డ్రైవరు భాగమును అందు చేర్చవచ్చును. తయారీదారు ఇచ్చిన బయోసు ఫైలును యూ.ఇ.ఎఫ్‌.ఐ.టూల్ వంటి సాధనముతో తెరచి, డి.ఎక్స్‌.ఈ. డ్రైవర్ల వరుస చివర ఈ భాగమును ఉంచి, తక్కిన భాగములు చెదరలేదని సరిచూచి, తిరిగి చిప్‌లోనికి వ్రాయవలెను. అటుపిమ్మట కొన్ని బోర్డుల జాబితాలో కొత్త డిస్కు "పాటా" అను పాత పేరుతో కనబడును, అందుకు కలవరపడనక్కరలేదు.

రెండవది, అంతకంటె పాత బయోసులకు తగినది. క్లోవర్ అను బూట్ ప్రోగ్రామును, ఎన్‌.వి.ఎం.ఈ. డ్రైవరును ఒక పెన్‌డ్రైవులో ఉంచినచో, బయోసు తనకు తెలిసిన పెన్‌డ్రైవును లేపును. అది కొత్త డిస్కును లేపును. పెన్‌డ్రైవు మాత్రము ఎల్లప్పుడు ఉండవలెను.

మూడవది లినక్సు వాడువారికి సులభము. బూట్ భాగమును పాత సాటా డిస్కులో ఉంచి, తక్కినదంతయు కొత్త డిస్కులో ఉంచుట. ఇందు బయోసును తాకనే అక్కరలేదు.

మొదటి మార్గమున అపాయము కలదు. వ్రాయుచుండగా కరెంటు పోయినను, వేరొక బోర్డు ఫైలును వ్రాసినను, బోర్డు మరల లేవకపోవచ్చును. కావున చిప్‌లోని ప్రతిని ముందుగా తీసి భద్రపరుపవలెను. అందు ఆ బోర్డుకే చెందిన గుర్తింపు సంఖ్యలు ఉండవచ్చును. చిప్‌ను బయటినుండి వ్రాయగల ప్రోగ్రామరు చేతనుండుట మేలు. యూ.పి.ఎస్. లేనిచోట ఈ పనికి పూనుకొనరాదు.

ఆశకు హద్దును తెలిసికొనవలెను. డిస్కు మారినంతమాత్రమున ప్రాసెసరు వేగము పెరుగదు. విండోసు 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది; విండోసు 11 కోరు అర్హతలు ఈ చేర్పువలన రావు. అట్టి యంత్రమునకు లినక్సు తగిన తోడు. పాత తిరుగుడు డిస్కుతో విసిగినవారికి సాటా ఎస్‌.ఎస్‌.డి. యొక్కటియే చాలవరకు ఉపశమనము నిచ్చును. పెద్ద ఫైళ్లతో పనియున్నవారే ఈ శ్రమకు పూనుకొందురుగాక.

ఏ పాత కంప్యూటరునైనను చెత్తలో వేయుటకు పూర్వము ఒక ప్రశ్న వేయవలెను: దానికి చేతగాదా, లేక తెలియదా? చేతగానిచో సెలవిచ్చుట న్యాయము. తెలియనిచో నేర్పుట న్యాయము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనుష్యుల విషయమున పాటించుచున్న న్యాయము ఈ రెండవదియే.